పక్క సీటు కింది బ్రేకు

నేను ఒక బ్రేకుని. బ్రేకు అనగానే డ్రైవరు కుడికాలి కింద ఉండేదాన్ని ఊహించుకోకండి. ఆ గౌరవం నాది కాదు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళు కూర్చునే ఎడమ సీటు ముందు, మ్యాటు మీదికి కాస్త తల ఎత్తి మరొకటి ఉంటుంది చూడండి, ఆ రెండో బ్రేకుని నేను. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి తొక్కాల్సింది తొక్కకపోతే పక్కనున్న మాస్టారు నన్ను తొక్కుతాడు. నా దగ్గర్నుంచి ఒక ఉక్కు తీగ అవతలి అసలు బ్రేకు దాకా వెళుతుంది. నన్ను తొక్కితే అసలు బ్రేకు దానంతట అది దిగుతుంది. అసలు బ్రేకుని తొక్కితే మాత్రం నాలో చలనం ఉండదు. మా ఇద్దరి మధ్య రాకపోకలు ఒకవైపే.

రాజమండ్రి మోరంపూడి దగ్గర ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. ఖాదర్ మస్తాన్ అనే మేస్త్రి పాత లారీ కమాను పట్టీ ముక్కని కోసి, కాల్చి, వంచి, పైన ఒక స్కూటరు పెడల్ రబ్బరు తొడిగి నన్ను తయారుచేశాడు. నా వయసు వస్తువులు తాము ఎవరెవరి చేతులు మారాయో చెప్పుకుంటాయి. నేను మాత్రం కాళ్ళు మారాను. ఉండేది కింద కాబట్టి మనుషుల ముఖాలు నాకు కనపడవు. చెప్పులు, పాదాలు, పైనుంచి వినపడే గొంతులు, ఇంతే నాకు తెలిసిన లోకం. పాదాలు అబద్ధం చెప్పవు కాబట్టి ఇందులో నాకు పెద్ద నష్టమేమీ లేదు.

నా మొదటి యజమాని కాకినాడలో ఒక కోపిష్ఠి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే నోటితో చెప్పడం దండగ అనుకుని నన్ను దబీమని తొక్కేవాడు. బండి ఠక్కున ఆగి, అందరూ ముందుకు తూలేవాళ్ళు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళకి డ్రైవింగ్ వచ్చిందో లేదో గాని, సీటు బెల్టు పెట్టుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నాలుగేళ్ళకి విద్యార్థులు కరువై ఆయన స్కూలు మూసేసి, నన్ను విప్పి అమ్మేశాడు. కొన్నది కడియంలో కొత్తగా స్కూలు పెట్టిన ముత్యాల్రావు మాస్టారు.

మాస్టారు ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బొటనవేలి దగ్గర రెండుసార్లు కుట్టు వేయించిన తోలు చెప్పులు వేసుకునేవాడు. ఆ చెప్పు కింద ఎనిమిదేళ్ళు బతికాను కాబట్టి ఆయన మనసు నాకు తెలిసినంతగా ఆయన ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. ఎవరైనా సిగ్గుపడుతుంటే చూడలేడు. ఎవరైనా భయపడుతుంటే ఆయనకే చెమట పడుతుంది. అందుకని ఎదురుగా గేదె కనపడగానే, నేర్చుకునేవాళ్ళు దాన్ని చూసేలోపే, పాల మీద మీగడ తీసినంత మెత్తగా నన్ను నొక్కేసేవాడు. వాళ్ళ కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి బ్రేకు అప్పటికే దిగి ఉండేది. తామే ఆపామనుకునేవాళ్ళు. భలే ఆపావు అని మాస్టారు మెచ్చుకునేవాడు.

ఇలా నేర్చుకున్నవాళ్ళు టెస్టుకి వెళ్ళి చక్కగా ఫెయిలయ్యేవాళ్ళు. దానికి మాస్టారి దగ్గర ఒక సమాధానం ఉండేది. మొదటి టెస్టు దిష్టికి పోవాలట, రెండోదే అసలు టెస్టట. ఈ మాట ఆయన ఎంత నమ్మకంగా చెప్పేవాడంటే, కడియం చుట్టుపక్కల అది ఒక ఆచారమైపోయింది. మొదటి టెస్టుకి వెళ్ళేవాళ్ళు కొత్తబట్టలు కూడా కట్టుకునేవాళ్ళు కారు. ఎవరైనా ఖర్మకాలి మొదటిసారే పాసైతే ఇంట్లోవాళ్ళు ఎర్రనీళ్ళు తిప్పి పోసేవాళ్ళు. నాకు అసలు కారణం తెలుసు. కానీ రోజుకి మూడు వందల సార్లు నన్ను తొక్కుతుంటే, నేను లేకపోతే ఈ మండలంలో సగం పశువులు మిగలవని నాకు గర్వంగా ఉండేది. గర్వంగా ఉన్నవాళ్ళు కారణాల గురించి మాట్లాడరు కదా.

అలాంటి రోజుల్లో, ఒక జూన్ నెల పొద్దున్న, ఎర్రమట్టి అంటిన రబ్బరు చెప్పులు రెండు డ్రైవరు సీట్లోకి వచ్చి కూర్చున్నాయి. ఆమె పేరు వీరవేణి. నలభై నాలుగేళ్ళు. కడియపులంక దగ్గర అర ఎకరంలో ఆమెకీ, ఆమె భర్త త్రిమూర్తులికీ చిన్న నర్సరీ ఉంది. ఆ ఊళ్ళో పెద్ద నర్సరీలకి లారీలే గుమ్మంలోకి వస్తాయి. వీళ్ళలాంటి చిన్నవాళ్ళు మొక్కల్ని తామే వ్యానులో వేసుకుని రాజమండ్రిలో ఇంటింటికీ తీసుకెళ్ళి, నాటి, వారానికోసారి చూసి రావాలి. ఇన్నాళ్ళూ త్రిమూర్తులు వ్యాను నడిపేవాడు, ఆమె మొక్కలు చూసుకునేది. ఇప్పుడు ఆయన ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కనంటోంది. జీతానికి పెట్టుకున్న డ్రైవర్లు గులాబీ మొక్కల్ని కంకర తోలినట్టు తోలేవారు. దిగేటప్పటికి సగం కొమ్మలు విరిగి ఉండేవి.

నేనే నేర్చుకుంటానని వీరవేణి అన్నప్పుడు త్రిమూర్తులు ముందు నవ్వాడట. తర్వాత ఒక గడువు పెట్టాడు. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్‌ఎల్‌ఆర్ కాగితం ఆర్నెల్లు ఉంటుంది, అంటే డిసెంబరు పధ్నాలుగు దాకా. ఆ లోపు లైసెన్సు వస్తే సరే, లేకపోతే వ్యాను వేమగిరిలో మంచినీళ్ళ క్యాన్లు వేసే అతనికి ఇచ్చేయాలి. వ్యాను పోతే రాజమండ్రిలో మొక్కలు వేయించుకునే ఆ ఇళ్ళు పోతాయి, ఇళ్ళు పోతే నర్సరీ పోతుంది, అప్పుడు మళ్ళీ పెళ్ళైన కొత్తలోలాగా పెద్ద నర్సరీలో కూలికి వెళ్ళి ఎవరి మొక్కలకో నీళ్ళు పోయాలి. మొదటి రోజే ఇదంతా ఆమె మాస్టారికి చెప్పేసింది. నేను కింద నుంచి విన్నాను.

తెల్లారి నాలుగింటికి లేచి మొక్కలకి నీళ్ళు పెట్టుకుని, ఆరింటికల్లా వచ్చేది. మొదటి వారం క్లచ్ వదిలినప్పుడల్లా బండి కప్పలా గెంతేది. వెనక సీట్లో తమ వంతు కోసం కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేది గాని, ఆ చెప్పుల్లో వేళ్ళు మాత్రం గట్టిగా ముడుచుకుని ఉండేవి. మాస్టారికి ఆమె మీద మామూలుకన్నా ఎక్కువ జాలి కలిగింది. అంటే నాకు మామూలుకన్నా ఎక్కువ పని పడింది. ఇరవయ్యో రోజుకి ఆమె కాలువగట్టు మీద జేగురుపాడు దాకా హాయిగా వెళ్ళొచ్చింది. చెయ్యి తిరిగిపోయిందమ్మా అన్నాడు మాస్టారు. తిరిగింది నా నడుమని నాకు తెలుసు.

జూలై నెలాఖరులో మొదటి టెస్టు. టెస్టు ట్రాకులో ఒక ఎత్తు ఉంటుంది. దాని మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకు తీసుకెళ్ళాలి. ఇన్‌స్పెక్టరు బయట నిలబడి చూస్తాడు, మాస్టారు గేటు దగ్గరే ఆగిపోవాలి. నా ఎదుట సీటు ఖాళీ. వీరవేణి ఎత్తెక్కింది, ఆగాననుకుంది. బండి ఆగలేదు. మెల్లగా వెనక్కి జారి గుర్తు కర్రని పడగొట్టింది. దిగి వచ్చాక ఆమె మాస్టారిని ఒకే ఒక ప్రశ్న అడిగింది. ఇది మన బండేనా అని. ఇది దిష్టికి పోయిందిలే అన్నాడాయన.

ఆగస్టులో రెండోది. ఆమె ఆ రోజు కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఈసారి ఆగాల్సిన గీత దాటి మూడడుగులు వెళ్ళిపోయింది. మాస్టారి చరిత్రలో రెండోసారి ఫెయిలైనవాళ్ళు అరుదు. రెండో టెస్టుకి మామూలుగా అందరూ ఇంటి దగ్గర ఎవరి బండో దొంగతనంగా నడిపి, అసలు పని అక్కడ నేర్చుకుని వచ్చేవాళ్ళు. వీరవేణికి అలాంటి అలవాటు లేదు. లైసెన్సు లేకుండా వ్యాను ముట్టుకోనని ఆమె పట్టుదల. అక్టోబరులో మూడోసారి మళ్ళీ ఎత్తు మీద జారింది. ఆ రోజు ఆమె వెనక సీట్లో కూర్చుని కడియం దాకా ఏడుస్తూనే వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఏమన్నారో, త్రిమూర్తులు ఇంక చాలని ఎలా అన్నాడో చెప్పుకుంది. క్యాన్ల అతను వచ్చి వ్యాను టైర్లు తట్టి చూసుకుని వెళ్ళాడట. నాకు ఆ రోజు మొదటిసారి నా గర్వం మీద నాకే చిరాకు వేసింది.

ఆమె ఇక రాదనుకున్నాను. మర్నాడు ఆరింటికి ఆ రబ్బరు చెప్పులు మళ్ళీ వచ్చాయి. ఇన్నాళ్ళూ ఓపిగ్గా నేర్పారని మాస్టారికి ఒక సంపెంగ మొక్క కూడా తెచ్చింది, పెద్ద మట్టి కుండీలో. వెనక సీటు నిండా మనుషులు. దాంతో కుండీ తెచ్చి మాస్టారి కాళ్ళ దగ్గర, సరిగ్గా నా ముందు పెట్టారు. ఆయన కాళ్ళు రెండూ పక్కకి ముడుచుకుని కూర్చున్నాడు.

కాలువగట్టు మలుపు దగ్గర బాతుల మంద అడ్డం వచ్చింది. రెండు వందలుంటాయి, వరిచేలోంచి కాలువలోకి తీరిగ్గా నడుస్తున్నాయి. మాస్టారి కాలు అలవాటుగా నా వైపు వచ్చి కుండీకి తగిలింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ కుండీయే తగిలింది. వీరవేణి కాలు గాల్లో ఒక క్షణం ఆగి, అవతల అసలు బ్రేకు మీద పడింది. టైర్లు కీచుమన్నాయి, ఇంజను ఆగిపోయింది, బండి బాతులకి జానెడు దూరంలో నిలబడింది. బాతులు కాసుకునే ముసలాయన తిట్ల వర్షం కురిపించాడు.

“మాస్టారూ, ఈ బ్రేకు ఇంత ఎత్తునుంటాదాండి?” అంది వీరవేణి. “నా కాలికి ఇది ఎప్పుడూ కిందకే తగిలేది. ఇంత గట్టిగా తొక్కాలని నాకు ఇయ్యాలే తెలిసిందండి.”

ఆమె వంగి కుండీ పక్కకి జరిపి నా వైపు చూసింది. అత్యవసరానికి అని మొదటి రోజు ఆయన చెప్పినదాన్ని నేనే. నా రబ్బరు సగం అరిగిపోయి ఉంది. అవతల ఆమె తొక్కాల్సినదాని రబ్బరు కొత్తగా మెరుస్తోంది. మొక్కలు పెంచే మనిషికి అంతకన్నా వివరంగా ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెకి కోపం వచ్చింది, ఆ కోపం గొంతులో దాచుకోలేదు కూడా.

“మా నర్సరీలో చిన్న మొక్కకి కర్ర కడతామండి,” అంది. “నెలకి ఇప్పేత్తాం. ఇప్పకపోతే మాను బలవదు. చూడ్డానికి నిటారుగానే ఉంటాది గాని, కర్ర తీసిన రోజున ఒరిగిపోద్ది. మీరు నాకు నాలుగు నెలలు కట్టి ఉంచేశారండి.”

మాస్టారు కారు పక్కకి తీయించి ఆపించాడు. మీరు భయపడతారని తొక్కానమ్మా అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు, ముప్పై ఏళ్ళు బస్సు నడిపినప్పుడు కూడా పక్కవాడు నడుపుతుంటే తను ఏనాడూ కళ్ళు మూసుకోలేకపోయానని. ఆ మాట చెప్పడానికి ఆయన చాలా కష్టపడ్డాడు.

నన్ను విప్పేయమని ఆమె అడుగుతుందనుకున్నాను. కానీ ఆమె బుద్ధిమంతురాలు. బండిలో ఇంకా మనుషులుంటారు, గట్టు మీద బాతులుంటాయి. మర్నాడు తన దూడ మెడలోంచి ఒక ఇత్తడి మువ్వ విప్పి తెచ్చింది. నేను కిందికి దిగితే అంచుకి తగిలి మోగేలా దాన్ని నాకు కట్టమంది. మువ్వ మోగితే బండి ఆపింది మాస్టారని ఆమెకి తెలుస్తుంది, మోగకపోతే తనేనని తెలుస్తుంది. మాస్టారు వంగి తన చేత్తోనే కట్టాడు. ఎనిమిదేళ్ళలో ఆయన చెయ్యి నాకు తగలడం అదే మొదలు.

ఒంటి మీద నగ పడగానే నేను మురిసిపోయిన మాట నిజం. ఆ మురిపెం ఒక్కపూటే. మొదటి రోజు ముప్పై ఏడు సార్లు మోగాను. ఒక్కో మోతకి వీరవేణి బండి పక్కకి తీసి ఆపి, ఇప్పుడు మీరెందుకు తొక్కారు, నేను ఎక్కడ తొక్కాలి అని అడిగేది. రెండో రోజు నలభై రెండు. మాస్టారు కంగారుతో ఇంకా ఎక్కువ తొక్కాడు. మూడో రోజు నుంచి మువ్వ మోగినప్పుడల్లా ఆయన తప్పు గొయ్యి మీదికి నెట్టేసేవాడు. గొయ్యికి మోగిందమ్మా అనేవాడు. నున్నటి తారురోడ్డు మీద గొయ్యి ఎక్కడుందండి అని ఆమె బండి వెనక్కి తిప్పి మరీ చూపించమనేది. వెనక సీటు కుర్రాళ్ళు నవ్వడం మానేసి లెక్కపెట్టడం మొదలెట్టారు.

ఒకసారి ఆయన పంతానికి కాలు బిగబట్టుకుని కూర్చున్నాడు, ఆమె ఆలస్యంగా తొక్కింది, బండి వెళ్ళి అరటాకుల కట్టల గుట్టలో దూరి ఒక దీపం పగిలింది. ఇంక మానేస్తుందేమో అని అందరూ అనుకున్నారు. మర్నాడు ఆరింటికి వచ్చి, గుట్ట దగ్గరికే మళ్ళీ పోదామంది. ఆ గుట్టకి పది గజాల ముందు ఆపింది. తర్వాత ఐదు గజాల్లో. తర్వాత రెండు. ఆకులవాళ్ళు కట్టలు ఎత్తడం ఆపి చూస్తూ నిలబడ్డారు.

రోజులు గడిచేకొద్దీ ఆ తోలు చెప్పు నా మీదికి వచ్చి ఆగిపోవడం మొదలైంది. వచ్చేది, ఒణికేది, వెనక్కి పోయేది. ఆమె నేర్చుకోవడం కన్నా ఆయన ఊరుకోవడమే కష్టంగా ఉన్నట్టు నాకు అనిపించేది. నా కష్టం సంగతి ఎవరూ అడగలేదు. మూడు వందల సార్లు తొక్కించుకున్నదాన్ని రోజుకి తొమ్మిది సార్లు, నాలుగు సార్లు తొక్కించుకుంటే ఎలా ఉంటుంది? రోజంతా పడుకుని ఉండటం నాకు చేతకాని పని. మధ్యలో ఒకరోజు మాస్టారు ఇసుక లారీలకి భయపడితే మళ్ళీ పదిహేనుకి వెళ్ళాం. వీరవేణి ఆ రోజు అన్నం తినలేదట.

నవంబరు చివరి గురువారం, కడియం నుంచి జేగురుపాడు వెళ్ళి తిరిగొచ్చేదాకా నేను ఒక్కసారి కూడా మోగలేదు. దిగాక గాని ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఎత్తితే పోతుందేమో అన్నట్టు. ఆ పూట మాస్టారు అందరికీ పుణుగులు కొనిపెట్టాడు. నేను మాత్రం కింద కూర్చుని, పని లేకుండా ఇంత సంతోషంగా ఎలా ఉండగలిగానా అని ఆశ్చర్యపోయాను.

డిసెంబరు పన్నెండున నాలుగో టెస్టు. అది తప్పితే గడువులో ఇంకొకటి లేదు. త్రిమూర్తులు చేతికర్ర పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కడికి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పాతాయనలా బయట నిలబడేవాడు కాదు, పక్కన కూర్చునేవాడు. నల్లబూట్లు, పాలిష్ చేసినవి. కూర్చోగానే నా మువ్వని చూసి ఇదేంటని అడిగాడు. వీరవేణి ఉన్నదున్నట్టు చెప్పింది.

“మంచిదేనమ్మా,” అన్నాడాయన. “నాకూ ఇదే లెక్క. ఇది మోగిందంటే ఫెయిలైనట్టే.”

ఎనిమిది అంకె చుట్టూ తిప్పింది. వెనక్కి నడిపింది. గీత దగ్గర గీత మీదే ఆపింది. తర్వాత ఎత్తెక్కింది. సగంలో ఆపమన్నాడు, ఆపింది. ఇప్పుడు పొమ్మన్నాడు. ఆమె బ్రేకు వదిలి క్లచ్ ఎత్తబోయింది. బండి బెత్తెడు వెనక్కి జారింది.

నల్లబూటు వచ్చి నా మీద వాలింది. ఆ బరువు నాకు తెలుసు, ఇంకాస్త పడితే మోగుతాను. నా బతుకంతా ఎవరో ఒకరు నన్ను తొక్కాలనే కోరుకున్నాను. ఆ ఒక్క క్షణం మాత్రం ఎవరి కాలూ నా మీద లేకపోతే చాలనుకున్నాను. అవతల వీరవేణి కంగారుపడలేదు. అసలు బ్రేకుని పూర్తిగా తొక్కింది, బండి నిలిచింది. ఊపిరి పీల్చుకుని, క్లచ్‌ని నెమ్మదిగా ఎత్తుతూ ఇంజను పట్టుకునేదాకా ఆగి, అప్పుడు బ్రేకు వదిలింది. బండి ఎత్తు దాటి అవతలికి దిగింది. నల్లబూటు నా మీద నుంచి లేచింది. మువ్వ మోగలేదు.

లైసెన్సు వచ్చింది. క్యాన్ల అతను వేరే వ్యాను చూసుకున్నాడు. మాస్టారి స్కూల్లో దిష్టి టెస్టు ఆచారం పోయింది, మొదటిసారే పాసవడం మామూలైపోయింది. మరుసటి వేసవికి మా కారుకి పదిహేనేళ్ళు నిండాయి. మాస్టారు కొత్త కారు కొని, మువ్వని విప్పి అందులో కొత్త బ్రేకుకి కట్టుకుని, నన్ను కారుతోపాటు పాత ఇనుము షెడ్డుకి పంపించాడు. నాకు బాధ కలగలేదంటే అబద్ధం. అయితే ఆ షెడ్డులో నన్ను తలకిందులుగా ఒక గుట్ట మీద పడేశారు. దాంతో బతుకులో మొదటిసారి మనుషుల ముఖాలు కనపడ్డాయి.

నాలుగు రోజులకి ఒక వ్యాను వచ్చింది. మొక్కలు పెట్టుకోవడానికి ఖాళీ నూనె డబ్బాలు కావాలట. రెండు గుట్టల మధ్య సందు వ్యానుకి అటూ ఇటూ బెత్తెడే మిగులుతుంది. షెడ్డతను బయటే ఆపమన్నాడు. డ్రైవరు వినకుండా వెనక్కి నడుపుతూ లోపలికి వచ్చేసింది. గొంతు వినపడగానే గుర్తుపట్టాను. వీరవేణికి ముక్కుకి రెండు వైపులా పుడక ఉంటుందని, నవ్వితే బుగ్గ మీద గుంట పడుతుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె నన్ను చూడలేదు. చూసినా ఇనుప ముక్కే అనుకునేది. నన్ను గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఆమెకి లేకపోవడం చూసి నా కడుపు నిండింది.

ఎడమవైపు సీట్లో త్రిమూర్తులు కూర్చుని, తలుపు తెరిచి వెనక్కి తొంగి చూస్తూ రా రా అంటున్నాడు. అంటూనే కుడికాలితో బండి నేలని గట్టిగా అదుముతున్నాడు. గుట్ట దగ్గరపడేకొద్దీ ఇంకా గట్టిగా అదుముతున్నాడు.

“అక్కడేం లేదు మావా, కాలు తీసెయ్,” అంది వీరవేణి అద్దంలోంచి చూపు తిప్పకుండా.

ఆయన తీశాడు. రెండు క్షణాలు ఆగి మళ్ళీ పెట్టాడు. ఆయనకి కూడా ఒక ఆర్నెల్లు పట్టేలా ఉంది.